దొడ్డపత్రె మీద చల్లిన మందు

కుండీలో నీళ్ళు పోసినప్పుడు మట్టిలోంచి నుసుములనే సన్నటి ఈగలు నాలుగు లేస్తే ఎవరైనా చేత్తో విసురుకుని ఊరుకుంటారు. నేను మాత్రం ముందు చెట్టు కాడలు చూస్తాను. ఎక్కడైనా ఆకు తుంచిన గుర్తు పచ్చిగా ఉందేమోనని వెతుకుతాను. మా ఇంట్లో పిల్లలు దీన్ని చాదస్తం అంటారు. అననీ. అరవైల మొదట్లో బళ్ళారిలో ఒక పూట జరిగినదాన్ని వాళ్ళకు నేను ఎప్పుడూ మొదటి నుంచి చివరిదాకా చెప్పలేదు. పత్రికలో ఉండి ఊళ్ళో అందరి సంగతులూ రాసినవాణ్ణి, ఇది మాత్రం రాయలేదు.

అప్పుడు నేను ఒక తెలుగు దినపత్రికకు బళ్ళారి నుంచి వార్తలు పంపేవాణ్ణి. పెళ్ళై ఏడాది దాటింది. మాది ఆ జిల్లానే, తాతల కాలం నుంచి అక్కడ నల్లరేగడి దున్నుకున్న కుటుంబం. నా భార్యది కృష్ణా తీరం. తుంగభద్ర కాలువకు నీళ్ళు వదిలాక కోస్తా నుంచి రైతులు వచ్చి మోక అనే ఊరి చుట్టుపక్కల భూములు కొని, కొత్తగా ఇళ్ళు వేసుకున్నారు. ఆ కొత్త ఊళ్ళను క్యాంపులు అనేవారు. అలాంటి ఒక క్యాంపులో మా బావగారు, అంటే నా భార్యకు అన్న, వరి పండించేవాడు.

మేం ఉన్నది ఒక వఠారంలో. వీధివైపు ఒకటే పెద్ద తలుపు. లోపల బండలు పరిచిన వాకిలి, దాని చుట్టూ నాలుగు ఇళ్ళు. ఒకదాంట్లో ఇల్లుగలావిడ, అందరికీ అవ్వ. ఒకదాంట్లో బడిలో కన్నడం చెప్పే మేష్టరు, ఆయన ముసలితల్లి. ఇంకోదాంట్లో సండూరు గనుల నుంచి రైలు స్టేషనుకు ఇనుపరాయి తోలే లారీ డ్రైవరు, అతని భార్య, ఎనిమిది నెలల బిడ్డ. నాలుగోది మాది.

నా భార్యకు బళ్ళారి ఎండ పడలేదు. ఎటు చూసినా బండరాళ్ళ గుట్టలు, ఎర్రదుమ్ము. కాలవ గట్టున పుట్టి పెరిగిన మనిషి. అందుకే ఇంట్లో చెట్లు పెట్టుకుంది. ఆరుబయట పెడితే మాడిపోతాయి, మాడనివి వఠారంలోకి దూరే మేకలు తింటాయి. కాబట్టి మా ముందుగదిలో, కిటికీ కింద చెక్కబల్ల వేసి, దానిమీద పాత కిరసనాయిలు డబ్బాల్లో, మట్టికుండీల్లో తమలపాకు తీగ, మరువం, రెండు రకాల క్రోటన్లు పెట్టింది. కిటికీ పక్కగా, బాగా వెలుతురు తగిలే చోట, దొడ్డపత్రె. మావాళ్ళు కొందరు వాము ఆకు అంటారు. మందంగా, నూగుగా ఉండే ఆకు. పసిపిల్లలకు దగ్గు వస్తే దాన్ని పెనం మీద వాడ్చి, పిండి, ఆ రసం రెండు చుక్కలు నాలుక మీద వేస్తారు. దాని కొమ్మ మాకు ఇచ్చింది అవ్వే.

ఆ ఆకు కోయడానికి ఒక పద్ధతి ఉండేది. మందుకోసం కోసేవాళ్ళు ఇంటివాళ్ళను అడగకూడదు. కోసేటప్పుడు నోరు విప్పకూడదు. కోశాక, బిడ్డకు నయమయ్యేదాకా, కోశానని ఎవరితోనూ ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే మందు పారదు. మా కిటికీ వాకిట్లోకే తెరుచుకునేది కనుక పని సులువు. నేను బల్ల ముందు కూర్చుని రాసుకుంటూ ఉంటే, ఊచల మధ్యనుంచి ఒక చేయి లోపలికి వచ్చేది. గాజులు పైకి తోసుకుని, చప్పుడు కాకుండా ఒకటో రెండో ఆకులు తుంచుకుని వెళ్ళిపోయేది. ముఖం కనిపించేది కాదు. మా వఠారంవాళ్ళో, వీధిలోవాళ్ళో కూడా తెలిసేది కాదు. నేను చూడనట్టే ఉండేవాణ్ణి. చూడకపోవడమే మర్యాద.

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి నుసుములు పుట్టాయి.

ఆవగింజలో సగం కూడా ఉండవు. కుట్టవు, కరవవు. కానీ ముఖం దగ్గరే తిరుగుతాయి. కంట్లో పడతాయి, పాలలో పడతాయి. అన్నం వడ్డించి మూత తీసేలోపల మీద వాలతాయి. చెట్టు కదిలిస్తే మట్టిలోంచి గుప్పుమని లేస్తాయి. నా సిరాబుడ్డిలో పడి చచ్చి, కలంతో బాటు కాయితం మీదికి వచ్చేవి. ఒకరోజు తంతి ఆఫీసులో గుమాస్తా నా కాయితం వెలుతురుకు పట్టి చూసి, "ఏమప్పా, ఇది ఫుల్‌స్టాపా, పురుగా? పురుగైతే దీన్ని పంపేదానికి మా మిషన్ లేదు" అన్నాడు. లైనులో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

సాంబ్రాణి వేశాం. వేపాకు పొగ పెట్టాం. ఆ పొగకు మేమిద్దరం దగ్గుతూ వాకిట్లోకి వచ్చాం, నుసుములు లోపలే ఉన్నాయి.

"పొగ పెట్టుకుని మీరే బయటికి వచ్చినారే!" అంది అవ్వ. "ఇల్లు వాటికే బాడుగకిచ్చేస్తా, అవైతే నీళ్ళకోసం కొట్లాడవు."

తర్వాత నా భార్యను చూసి, "ఆ బియ్యం కడిగిన నీళ్ళు పోసేది మాను తల్లీ. మట్టి ఎప్పుడూ తడిగా, పుల్లగా ఉంటే పురుగు రాక ఏమి చేస్తుంది?" అంది.

నిజమే. మాకు కొళాయి రోజు విడిచి రోజు వచ్చేది. ఒక్క చెంబు కూడా ఒలకబోసుకోవడానికి లేదు. అందుకని బియ్యం కడుగు, పప్పు కడుగు అన్నీ కుండీల్లోకే పోయేవి. కానీ మట్టి పైన కాస్త ఆరితే నా భార్య ఊరుకోలేకపోయేది. నేల ఎండడం చూడలేని మనిషి. అవ్వ మాట విన్నట్టే తలూపి, సాయంత్రం మళ్ళీ పోసేది.

నాట్ల రోజుల్లో మా బావగారు క్యాంపు నుంచి వచ్చాడు. కూలీలకు వంట చేయడానికి మనుషులు చాలక, చెల్లెల్ని నాలుగు రోజులు తీసుకుపోదామని. లోపలికి వచ్చి చెప్పులు విప్పాడో లేదో నుసుములు ఆయన్ని ముసురుకున్నాయి.

"ఏంటి బావగారూ, మా చెల్లాయి చెట్లు పెంచుతుందంటే నిజమే అనుకున్నా. ఈగల్ని పెంచుతుందా?"

"రెండూ పెంచుతోంది" అన్నాను.

ఆయన సంచిలోంచి ఒక పాత టానిక్కు సీసా తీశాడు. మూతి బిరడాకు గుడ్డ చుట్టి ఉంది. పొలంలో పైరుకు కొట్టే మందు. పెద్ద డబ్బాలోంచి కొంచెం ఒంపుకుని వచ్చాడట. నెల కిందట ఈగల సంగతి చెల్లెలు ఉత్తరంలో రాసిందని గుర్తుపెట్టుకున్నాడు.

"బిందెడు నీళ్ళలో ఒక్క చుక్క. మట్టిలో పోయండి. సాయంత్రానికి చీపురుతో ఊడ్చుకోవాలి."

"అన్నయ్యా, దాన్ని వెనక్కి తీసుకుపో" అంది నా భార్య.

"గట్టుమీద పెట్టుకుని పక్కనే అన్నం తింటున్నాం మేం. ఏమైంది?"

"మీకేం కాలేదని మాకూ కాదనా? ఇంట్లో ఉంచను."

చివరకు అటక మీద, రాగి కాగు వెనక పెట్టించింది. "ఏమండీ, అది ముట్టుకోకండి. నేను వచ్చాక చూద్దాం" అని నాతో మూడుసార్లు చెప్పి, అన్నతో బస్సెక్కింది.

ఆ మందు సంగతి నాకు తెలియక కాదు. ఆ ఎండాకాలంలోనే ఒక క్యాంపులో మందు కొట్టిన కూలి, చేతులు కడుక్కోకుండా సద్దిమూట విప్పుకుని తిని చనిపోయాడు. నాలుగు లైన్లు రాసి పంపాను. అప్పుడు ఆసుపత్రిలో డాక్టరు అన్న మాట కూడా గుర్తుంది. "ఏ మందో ఎవరూ సీసా తేలేదు. తెచ్చుంటే మాకు అరగంట మిగిలేది." ఆ మాట వార్తలో వేయలేదు. చోటు చాలదనుకున్నాను.

రెండు రోజులు ఒంటరిగా నుసుములతో గడిపాను. మూడో రోజు పొద్దున హోటలు నుంచి తెచ్చుకున్న కాఫీలో మూడు తేలాయి. కాఫీ పారబోసి అటక ఎక్కాను.

ఆ రోజు కొళాయి రాని రోజు. బిందెలో సగం నీళ్ళే ఉన్నాయి. బిందెడు నీళ్ళలో ఒక్క చుక్క అన్నాడు బావగారు. బిందెడు నీళ్ళు చెట్లకు పోస్తే నాకు రేపటిదాకా తాగడానికి ఏముంటుంది? ఒక చెంబెడు తీసుకున్నాను. సీసా వంచితే నాలుగైదు చుక్కలు పడ్డాయి. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. ఎల్లుల్లి కుళ్ళినట్టు వాసన. ఎక్కువైందని తెలుసు. పారబోయడానికి మనసొప్పలేదు. ఎక్కువైతే తొందరగా చస్తాయిలే అనుకున్నాను.

కుండీల్లో పోశాను. ఆకుల మీద కూడా నుసుములు వాలి ఉన్నాయని, మిగిలింది చేత్తో ఆకుల మీద చిలకరించాను. ముక్కుకు రుమాలు కట్టుకున్నాను. సీసా మళ్ళీ కాగు వెనక పెట్టాను. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. ఎంత జాగ్రత్తపరుణ్ణో అని నాకే అనిపించింది. వాసన పోవాలని కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచాను. ఇంటికి తాళం వేసి కోర్టుకు వెళ్ళాను, ఒక భూమి తగాదా తీర్పు వినడానికి.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి బల్ల మీద, కిటికీ గడప మీద నుసుములు గసగసాలు ఒలికినట్టు పడి ఉన్నాయి. ఒక్కటి ఎగరడం లేదు. సంతోషమే వేసింది. చీపురు తెచ్చి ఊడుద్దామని వంగాను. అప్పుడు దొడ్డపత్రె కొమ్మ కళ్ళకు ఎదురుగా వచ్చింది.

మూడు చోట్ల ఆకులు లేవు. తుంచిన చోట కాడ ఇంకా తడిగా ఉంది.

చీపురు పక్కన పడేశాను. ఆ చేతులను నేను రోజూ చూస్తున్నవాణ్ణి. తలుపుకు తాళం వేశాను, సీసా దాచాను, కిటికీని మాత్రం నేనే తెరిచి వెళ్ళాను. ఎక్కడో ఒక ఇంట్లో ఒక పసిబిడ్డ నోరు తెరిపించి, ఆ రసం వేస్తూ ఉంటారు. ఇప్పుడో, ఈపాటికే వేశారో.

వాకిట్లోకి పరుగెత్తాను. కానీ నోరు తెరిచాక నేను అడిగింది ఇంకోలా అడిగాను. దీనికే నన్ను నేను క్షమించుకోలేదు.

అవ్వ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. "అవ్వా, పొద్దున్నుంచి మా కిటికీకాడికి ఎవరన్నా వచ్చినారా?"

"ఎవరొస్తే ఏమప్పా? ఆకు కోసింది ఎవరని అడగగూడదు. నీకు తెలీదా?"

"ఊరికే అడిగినా."

మేష్టరు ఇంటికి వెళ్ళాను. ముసలావిడ మంచం మీద కూర్చుని దగ్గుతోంది. నేను కిటికీ వైపు చూపించి, ఆకు వైపు చూపించి అడిగాను. "నాను అల్ల, నాను అల్ల" అని చేతులు ఊపింది. నేను కాదు, నేను కాదు అని.

లారీ డ్రైవరు భార్య గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఆమె వెనక పొయ్యి మీద పెనం కనబడుతోంది.

"ఏమ్మా, మా దొడ్డపత్రె ఆకు ఏమన్నా..."

"నేను యాడ కోసినానన్నా? మా బిడ్డ బాగుండాది."

ఆ మాట అంటూ ఉండగానే లోపల ఉయ్యాలలోంచి బిడ్డ దగ్గింది. నేను ఆ దగ్గు విన్నాను. విన్నాక కూడా, తల్లి కాదంటే కాదు అనుకున్నాను. అలా అనుకోవాలని ఉంది కనుక అనుకున్నాను. కోసినా కోశానని చెప్పకూడని పద్ధతి ఒకటి ఉందని, అవ్వ అంతకు ముందే గుర్తుచేసినా, నా బుర్రకు ఎక్కలేదు. అందరినీ అడుగుతున్నాను. నేను చేసినదొక్కటీ చెప్పడం లేదు. ప్రశ్నలు అడగడం నా వృత్తి, జవాబు రాసుకోవడం అలవాటు. నా సంగతి బయటపెట్టకుండా అవతలివాళ్ళ సంగతి రాబట్టడం నాకు ఎప్పటినుంచో వచ్చిన విద్య. ఆ పూట ఆ విద్యే వాడాను. చెబితే ఏమంటారోనన్న సిగ్గు కూడా ఉంది. సిగ్గుకంటే పెద్దది భయం. నిజంగా జరిగిపోయి ఉంటే, చేసింది నేనేనని తెలిసిపోతుందని.

వీధిలోకి వెళ్ళి రెండిళ్ళలో అలాగే అడిగాను. రెండిళ్ళలోనూ కాదన్నారు. పావుగంట అయిందేమో. తిరిగి వచ్చేసరికి అవ్వ చేట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"ఏందప్పా, ముఖం అట్ల పాలిపోయింది? ఇట్ల రా." నేను దగ్గరికి వెళ్ళగానే నా చేయి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "నీ పెండ్లాము ఊర్లో లేదు. మూడు దినాలాయె, మీ ఇంట్లో పొయ్యి వెలగలే. ఈ ఎల్లుల్లి వాసన యాడిది?"

నేను చేయి వెనక్కి లాక్కున్నాను.

"నువ్వు పేపరోనివి. ఊర్లో అందరినీ అది చెప్పు ఇది చెప్పు అంటావు. నువ్వేమి చేసినావో అది చెప్పవే!"

అప్పుడు చెప్పాను. చెప్పడం కాదు, వాకిలి మధ్యలో నిలబడి అరిచాను. "పురుగుల కోసం పైరుమందు చల్లినా. ఆకుల మీద చల్లినా. ఎవరు కోసినా బిడ్డకు పోయొద్దు. విషం అది, విషం!"

డ్రైవరు ఇంటి తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల ఉగ్గుగిన్నె రెండు చేతులతో పట్టుకుని బయటికి వచ్చింది. అందులో అడుగున పచ్చటి రసం ఉంది. పెదవులు తెల్లగా ఉన్నాయి.

"బిడ్డకు పోసినావా?" అవ్వ అడిగింది.

"లేదవ్వా. నిద్ర పోయినాది. లేసినాక పోద్దామని..." ఆమె నన్ను చూసింది. "నేనే నాకి చూసినా. చేదుగా ఉండాది. బిడ్డ కక్కుకుంటుందేమోనని ఇంకోసారి నాకినా."

బిడ్డకు పోసే ముందు తల్లి రుచి చూడటం అక్కడ అందరూ చేసే పనే. నేను ఆమె గుమ్మంలో నిలబడి దొంగ ప్రశ్న అడిగినప్పుడు ఆకులు ఇంకా పెనం మీదే ఉన్నాయి. నాకింది ఆ తర్వాత.

ఆమె ఆ మాట చెప్పి గిన్నె కింద పెట్టబోయింది. నుదుటి మీద చెమట పట్టింది. గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

అప్పుడే బడి నుంచి తిరిగివచ్చిన మేష్టరును జట్కా తెమ్మని వీధిలోకి పంపి నేను ఇంట్లోకి పరుగెత్తి అటకెక్కాను. సీసా కోసం. ఆ రోజంతటిలో నేను చేసిన సరైన పని అదొక్కటే, అది కూడా ఒక చచ్చిపోయినవాడి పుణ్యాన తెలిసినది. జట్కాలో ఆమె నోట్లోంచి చొంగ కారుతోంది. కళ్ళు సరిగా కనిపించడం లేదంది. అవ్వ ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, ఇంకో చేత్తో ఆమె తలను తొడ మీద పెట్టుకుంది. బండి ప్రతి గతుకులో ఎగిరినప్పుడల్లా ఆ తల ప్రాణం లేనిదానిలా అటూ ఇటూ ఊగేది. నేను సీసా చొక్కాలో పెట్టుకుని గుర్రాన్ని తప్ప ఇంకెవరినీ చూడలేక కూర్చున్నాను.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఆమె కనురెప్ప ఎత్తి చూశాడు. నల్లగుడ్డు సూదిమొన అంత అయిపోయింది. "ఏం తిన్నది?" అన్నాడు. సీసా చేతిలో పెట్టాను. వాసన చూసి ఇంకేం అడగకుండా లోపలికి కేక వేశాడు. సూదులు వేశారు. ఎన్ని వేశారో లెక్కపెట్టలేదు. చేతులు, మెడ అంతా సబ్బుతో కడిగారు, చీర మార్చారు.

మమ్మల్ని బయట బల్ల మీద కూర్చోబెట్టారు. బిడ్డ అవ్వ ఒళ్ళో నిద్ర లేచి దగ్గింది. దగ్గిన ప్రతిసారీ ఉన్నదిలే అని నాకు ఊపిరి ఆడేది. దగ్గు ఆగిన ప్రతిసారీ వంగి దాని కళ్ళలోకి చూసేవాణ్ణి, నల్లగుడ్డు ఎంత ఉందో అని. అవ్వ, "దాని కండ్లల్లో ఏముండాదప్పా సూసేదానికి? నీ కండ్లే నిలబడలే" అంది.

"అవ్వా, ఎన్ని ఆకులు కోసిందంట?"

"రెండు అని చెప్పె."

నేను మళ్ళీ లెక్క చూసుకున్నాను. అవ్వ నా వైపు తిరిగింది.

"కొమ్మ మీద మూడు పోయినాయి" అన్నాను.

ఆమె ముఖం మారడం చూశాను. బిడ్డను నా ఒళ్ళో పెట్టి లేచింది. ఆ వయసులో, ఆ ఎండలో, వీధి వీధీ తిరిగిందని తర్వాత తెలిసింది. ప్రతి గుమ్మం ముందు నిలబడి, నన్ను తిడుతూ, నేను చల్లిన మందు సంగతి చాటుతూ, ఆకు ఎవరు కోసినా పారేయండి, పద్ధతి గిద్ధతి బండకు కొట్టండి అని అరుచుకుంటూ పోయిందట. ఎవరూ నోరు విప్పలేదు. విప్పితే ఆకు కోసినట్టు ఒప్పుకున్నట్టే గదా.

సాయంత్రానికి లోపలున్న ఆమె కళ్ళు కనిపిస్తున్నాయని నర్సు వచ్చి చెప్పింది. ఇక భయం లేదని డాక్టరు అన్నాడు. మర్నాడు కూడా ఉంచుకోవాలి, బిడ్డకు తన పాలు ఇవ్వకూడదు అన్నాడు. బిడ్డ తల్లి కోసం గుక్కపెట్టి ఏడ్చింది. ఆవుపాలు నోట్లో పెడితే ఉమ్మేసింది. ఆ ఏడుపు వినడం నాకు శిక్షలో భాగమనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం డ్రైవరు వచ్చాడు. సండూరు నుంచి నేరుగా ఆసుపత్రికే. తలవెంట్రుకలు, కనుబొమలు, చొక్కా అన్నీ గని ఎర్రమట్టితో ఒకటే రంగు. నాకంటే చిన్నవాడు, నాకంటే రెండింతలు బలం. లోపలికి వెళ్ళి భార్యను చూసి, బయటికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

"అన్నా" అన్నాడు. గొంతు పెంచలేదు. "గుట్ట దిగేటప్పుడు నా లారీకి బ్రేకు పట్టలేదనుకో. నేను ఏమి చేస్తాను? ముందు హారన్ కొడతా. రోడ్డు మీద ఎవరుండారు, మీ పేరేంది, యాడికి పోతాండారు అని అడుగుతా కూర్చుంటానా?"

జవాబు కోసం నిలబడకుండా అతను మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

మూడో ఆకు సంగతి తేలలేదు. వారం రోజులు రోజూ పొద్దున ఆసుపత్రికి వెళ్ళి, వార్తలకోసమన్నట్టు, రాత్రి పసిపిల్లలెవరైనా వచ్చారా అని అడిగేవాణ్ణి. అక్కడి నుంచి శ్మశానం కాపరి దగ్గరికి వెళ్ళేవాణ్ణి. చిన్న గుంత ఏమైనా తవ్వావా అని అడగడానికి నాలుక తిరిగేది కాదు. ఊరికే నిలబడితే, అతనే, "ఈ దినం యాపారం లేదప్పా, పో" అనేవాడు. ఆ మాట కోసమే వెళ్ళేవాణ్ణి. మా వీధిలో ఎవరి ఇంట్లోనూ ఏమీ జరగలేదు. నాకు తెలిసినంత వరకు. ఆ ఆకు ఎవరో వాడకుండా పారేశారో, గాలికి రాలిందో, పైవీధి నుంచి వచ్చిన చేయి ఏదైనా తీసుకుపోయిందో నాకు ఈనాటికీ తెలియదు.

నా భార్య వచ్చి అంతా విన్నది. చెట్లన్నీ వేర్లతో పీకి, మట్టితో సహా ఊరి బయట గుట్ట వెనక లోతుగా గుంత తీయించి పూడ్పించింది. డబ్బాలు ఎవరూ ఏరుకుని వాడుకోకుండా రాయితో చితక్కొట్టించింది. క్యాంపుకు ఉత్తరం రాసింది. ఏం రాసిందో తెలియదు గాని, మా బావగారు ఆ తర్వాత మా ఇంటికి బియ్యం తప్ప ఏమీ తేలేదు.

రెండు నెలల తర్వాత అవ్వే మళ్ళీ ఒక కొమ్మ తెచ్చింది. నేను వద్దన్నాను.

"వద్దంటే ఎట్లప్పా? వఠారంలో నీడ ఉండేది మీ కిటికీకే. బిడ్డలకు దగ్గు రాక మానుతుందా?"

కొత్త కుండీలో కూడా నాలుగు వారాలకు నుసుములు కనిపించాయి. అవ్వ తలపిన్ను తీసి మట్టి పైపొర గీకింది. దారపు ముక్కల్లాంటి తెల్లటి పురుగులు కదిలాయి. "ఎగిరేదాన్ని చంపితే ఏమొస్తుంది? పుట్టేది ఈడ" అంది. పైమట్టి అంగుళం తీసి పారేయించింది. మోకకు పోయే బస్సువాడితో హగరి ఏటి ఇసుక చిన్న సంచెడు తెప్పించి, ఎండబెట్టి, కుండీ మీద రెండు వేళ్ళ మందాన పరిచింది. కడుగునీళ్ళు పోయనని నా భార్యతో ఒట్టు వేయించుకుంది. మట్టి ఎండి, వేలు పెడితే పొడిగా తగిలితేనే నీళ్ళు. పక్షం రోజుల్లో ఒక్క నుసుము లేదు. అంత చిన్న పని. అంతకు ముందు ఆమె చెప్పిందే.

ఆ కొత్త చెట్టుకు ఆకులు తిరిగాక, ఒక పొద్దున నేను రాసుకుంటూ ఉంటే కిటికీ ఊచ మీద గాజులు రెండుసార్లు చప్పుడు చేశాయి. తలెత్తాను. ఊచల మధ్య ఆకుపచ్చ గాజుల చేయి ఒకటి ఆగి ఉంది. లోపలికి రాలేదు. నేను తలూపాను. చెట్టు బాగుందని. అప్పుడు చేయి లోపలికి వచ్చి రెండు ఆకులు తుంచుకుని వెళ్ళిపోయింది. మాట లేదు, ముఖం లేదు. అడిగినట్టూ కాదు, అడగనట్టూ కాదు. ఆ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో నేను అడగలేదు. కాని హారన్ మాట ఎవరి ఇంట్లోదో నాకు తెలుసు.

ఆ వఠారంలో ఇంకో ఆరేళ్ళు ఉన్నాం. ఆ చప్పుడు వినబడ్డప్పుడల్లా, మందు కాదు కదా కొత్త మట్టి కూడా వేయని ఆ చెట్టును ఒకసారి తేరిపార చూసి గాని తలూపేవాణ్ణి కాదు. చప్పుడు వినకుండానే కాడ తడిగా కనిపించిన రోజు మాత్రం కలం మూసి లేచేవాణ్ణి. వాకిట్లోకి వెళ్ళి, ఎవరినీ ఏమీ అడగకుండా, చెట్టు మీద ఏమీ చల్లలేదని గట్టిగా చెప్పి వచ్చేవాణ్ణి.